ఇంటి పెరడు: మరువవద్దు అనే పువ్వు



గ్రీటింగు కార్డుల మీద చిన్న చిన్న నీలి పూల గుత్తులను మీరు చూచే ఉంటారు. వాటిలో ఒకటి ఫర్గెట్ మీ నాట్, అనగా "నన్ను మరువవద్దు" అనే పువ్వు. ఐరోపాలో దీనిని మే, జూన్ నెలలలో విత్తి, చలికాలమునకు ముందే మడులలో నాటుతారు. మరుసటి ఏప్రిల్, మే నెలలలో తులిప్ పూల క్రింద నీలి తివాచీ పరచినట్లు పూస్తుంది.

ఇది మన అనంతపురములో పెరుగునా? దీనికి చల్లదనము, ఆరని తేమ రెండూ కావలెను. మనకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మార్చి వచ్చేసరికి ఎండ మండిపోవును. ఊటీ వంటి చల్లని కొండల మీద ప్రయత్నించవచ్చునేగాని, మన ఎర్రనేలలో విత్తనాల డబ్బు వృథా. దీని కుటుంబానికే చెందిన గువ్వగుత్తి మాత్రము వానలు పడగానే మన బీళ్లలో ఎవరూ నాటకుండానే లేత నీలి పూలు పూస్తుంది.

మడులలో పెంచుటకు మేము చెప్పేది బొగడబంతి. సెప్టెంబరు మన జిల్లాలో వానలు బాగా పడే నెల. ఆ నెల మొదటి వారములో విత్తనాలను ఒక రాత్రి నానబెట్టి నారు పోయండి. నాలుగైదు ఆకులు వచ్చిన తరువాత జానెడు దూరములో నాటండి. మొదళ్లలో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. చెదలు పట్టకుండా కాస్త వేపపిండి కలపండి. క్రిస్మస్ నాటికి పూలు చేతికి వస్తాయి.

నీళ్ల సంగతి ఆలోచించవలెను. తాగునీటికే కరువైన ఇంట పూలకు బిందెడు నీళ్లు పోయుట న్యాయము కాదు. ఆ బిందెను మోసేది చాలావరకు మన తల్లులు, ఆడబిడ్డలే గదా! బియ్యము, కూరగాయలు కడిగిన నీళ్లు చాలును. సబ్బు పొడి కలిసిన నీళ్లు పోయవద్దు.

మరి వసంతములో పూలెలా? జనవరిలో బాగా విచ్చిన పూలను కాడలతో కోసి, గుత్తులు కట్టి, నీడలో తలక్రిందులుగా వ్రేలాడదీయండి. ఎండినను రంగు నెలల తరబడి నిలుచును. ఈస్టరు నాడు గుడికైనను, మన పెద్దల సమాధులకైనను, ఒక్క చెంబు నీళ్లు ఖర్చు లేకుండా పూలు సిద్ధము. మనవారిని మరువలేదని చెప్పుటకు పరదేశపు పువ్వే కానక్కరలేదు.

కొన్ని పూలను చెట్టుననే ఎండనిచ్చి విత్తనము దాచుకొనండి. పొరుగింటివారికి కూడ ఒక గుప్పెడు ఇవ్వండి.