చేతికి రాని డబ్బుపైనా పన్నే!
సి.పి.ఎస్. టీచర్ల జీతం లెక్క

నెలకు లక్షా పదివేల జీతమంటే పల్లెలో వినేవారికి పెద్ద మొత్తమే. కాని 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత సర్వీసులో చేరి సి.పి.ఎస్. కింద ఉన్న ఉపాధ్యాయునికి అందులో చేతికందేది ఎంతో తేల్చడం అంత సులువు కాదు. లెక్క వేయవలసిన ఫిబ్రవరి బిల్లు దాకా చాలామంది దాని జోలికే పోరు.

మూలవేతనం, కరువు భత్యం కలిపి లక్ష, ఇంటి అద్దె భత్యం వగైరా పదివేలు అనుకుందాం. లక్షలో పదోవంతు, అంటే 10,000, పెన్షన్ ఖాతాకు పోతుంది. వృత్తి పన్ను 200. బీమా, వైద్య పథకం కోతలు పక్కన పెడితే మిగిలేది 99,800.

ఇక ఆదాయపు పన్ను. 2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో ఏటి జీతం 13,20,000 నుంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12,45,000. పన్నెండు లక్షల దాకా పన్ను లేదు. శ్లాబుల ప్రకారం 66,750 రావాలి గాని, పన్నెండు లక్షలు దాటినంత మేరకే పన్ను ఉండాలన్న మార్జినల్ రిలీఫ్ వల్ల అది 45,000కు తగ్గుతుంది. సెస్సుతో 46,800. నెలనెలా కోయిస్తే 3,900 చొప్పున సర్దుకోవచ్చు. మొత్తం ఫిబ్రవరికి వదిలేస్తే ఆ నెల ఇంటికి చేరేది 53,000 మాత్రమే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆయన ఏటా కట్టే 1,20,000 పెన్షన్ వాటాకు కొత్త విధానంలో మినహాయింపు లేదు. అదే ఉంటే ఆదాయం 11,25,000కు దిగి పన్ను సున్నా అయ్యేది! అంటే ఆ 46,800, చేతికి రాని సొమ్ము పుణ్యమే. రేపు రిటైరయ్యాక అదే నిధిలోంచి నెలనెలా వచ్చే పెన్షన్‌పై మళ్లీ పన్ను ఉండనే ఉంది. ఇదెక్కడి న్యాయమని టీచర్లు అడిగితే తప్పు పట్టలేం.

పాత విధానంలో ఆ వాటాకు మినహాయింపు ఉంది. అయినా లాభం లేదు. బీమా పొదుపులతో కలిపి రెండు లక్షలు చూపి, సొంత ఇంటి అప్పుపై మరో రెండు లక్షల వడ్డీ చూపినా పన్ను 89 వేలు దాటుతుంది.

ప్రభుత్వం జమచేసే పదిశాతం వాటా సంగతి వేరు. దాన్ని ముందు జీతంలో కలిపి, తర్వాత 80సిసిడి(2) కింద తీసివేయాలి. కలపడం గుర్తుండి తీసివేయడం మరిస్తే పన్ను 88,140కి పోతుంది. ఒక్క గడి ఖాళీగా వదిలినందుకు 41,340 రూపాయలు! ఎం.ఇ.ఓ. కార్యాలయంలోనో, హైస్కూలు గుమాస్తా బల్లమీదో తయారయ్యే ఫారాన్ని సంతకానికి ముందు టీచరే చూసుకోవాలి.

కరువు భత్యం బకాయిలు వచ్చిన ఏడు మరీ జాగ్రత్త. పన్ను వేసే ఆదాయం 12,00,000 దాటి సుమారు 12,70,000 చేరేదాకా అదనంగా వచ్చే ప్రతి వందకూ సెస్సుతో 104 రూపాయలు పన్నే. బకాయిలు పాత సంవత్సరాలవైతే సెక్షన్ 89 కింద ఊరట కోరవచ్చు. అందుకు 10ఇ ఫారం ముందుగా దాఖలు చేయాలి.