నీటి లెక్క ఊరి ముందే తేలాలి

సోంపేట బీలను ఒక్కసారి చూసినవారెవరూ దాన్ని పనికిరాని భూమి అనరు. ఎగువ నుంచి దిగిన వాన నీరు అక్కడే నిలుస్తుంది. ఆ నీటి మీద చుట్టుపక్కల ఊళ్ల వరి ఆధారపడి ఉంది. పశువులకు మేత, జాలర్లకు చేపలు అక్కడివే. అయినా 2008లో అందులో 970 ఎకరాలకు పైగా భూమిని 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించారు. కాగితాల్లో మాత్రం అది నీరు నిలిచే నేలగా కనపడలేదు.

2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు రైతులు, మత్స్యకారులు చెప్పింది ఇదే. ఇది బీల, దీన్ని పూడిస్తే మా పొలాలకు నీళ్లుండవు, వానొస్తే ఊళ్లు మునుగుతాయి అన్నారు. విన్నారు, రాసుకున్నారు, అనుమతి ఇచ్చేశారు. ఆ తర్వాతి కథ ఈ జిల్లాలో అందరికీ తెలుసు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఊరు పదకొండు నెలల ముందే చెప్పిన మాటకు అప్పుడు విలువ దక్కింది. ముందే దక్కి ఉంటే ఆ ఇద్దరూ ఇవాళ మన మధ్య ఉండేవారు. ఏడు నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర దగ్గర మరో ఇద్దరిని పోగొట్టుకున్నాం.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు తవ్వుతున్నారని కొందరు అడగవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణ అనగానే మన ఊళ్లలో ఇప్పటికీ రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి టెంటు కూల్చడం, రెండోది అసలు వెళ్లకపోవడం. రెండోదానితో నష్టం ఎక్కువ. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు కోరం లేదు. పది మందే వచ్చినా సభ జరిగినట్టే. మనం బహిష్కరించి ఇంట్లో కూర్చుంటే, వచ్చినవాళ్ల మాటే ఊరి మాటగా పైకి పోతుంది.

అదే నోటిఫికేషన్‌లో మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక ముసాయిదాను కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో అందుబాటులో పెట్టాలి, సారాంశం తెలుగులో ఉండాలి. సభ మొత్తం వీడియో తీయాలి. ముగిసే ముందు, ఎవరేం చెప్పారో రాసిన మినిట్స్‌ను అందరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఈ ఆఖరిది ముఖ్యం. గొడవలో, ఆకలితో, ఎండలో అందరూ లేచిపోయాక మినిట్స్ చదివితే ఎవరికి లాభం? ఓపికగా కూర్చుని, మన మాట రాయకపోతే రాయించాలి. అనుమతి వచ్చాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. అక్కడ మనకు ఆధారం ఆ కాగితమే.

పెద్ద ప్రాజెక్టులకు ఈ సభ అయినా ఉంది. చిన్నవాటి సంగతే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది. పూసపాటిరేగ, భోగాపురం నుంచి సంతబొమ్మాళి దాకా తీరం వెంట రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. దరఖాస్తును చూసేది జిల్లా కమిటీ. పక్క పొలం రైతుకు మాత్రం చాలాచోట్ల పొక్లెయిన్ దిగాకే సంగతి తెలుస్తోంది. అప్పటికి గట్టు లేచి ఉంటుంది, మరో రెండేళ్లకు ఆయన నేలబావి నీరు ఉప్పగా మారుతుంది.

ఇక్కడ మన లోపం కూడా ఒప్పుకోవాలి. చెరువులకు భూమి లీజుకిచ్చినవారిలో మన సంఘం సభ్యులూ ఉన్నారు. వరిలో మిగిలేదెంతో తెలిసిన మేము వారిని దోషులుగా నిలబెట్టలేం. కానీ భూమి ఒకరిదైనా కింద నీరు ఒకరిది కాదు. ఆ నీటి గురించి నలుగురిలో మాట్లాడకుండా తవ్వకం మొదలుపెట్టవద్దని మాత్రం అడుగుతాం.

ఇది అభివృద్ధికి అడ్డుపడటమా? అమెరికాలో ద్రాక్షతోటలకు పేరుపడ్డ నాపా కౌంటీలో, కొండవాలున కొత్త తోట వేయాలంటే మట్టి కోత ఎలా ఆపుతారో చూపి అనుమతి తీసుకోవాలి. 1991 నుంచీ ఆ నిబంధన ఉంది. దిగువన ఉన్నవాళ్లు తమ బావుల సంగతి అడుగుతారు. ద్రాక్ష వేసుకునేవారు వేసుకుంటూనే ఉన్నారు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదు. టేపు పట్టుకుని కొలిచిన ఊళ్లు ఎన్ని? కిడ్నీ జబ్బులతో కుంగిన ఉద్దానానికి హిరమండలం నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చుకోవాల్సి వచ్చిన జిల్లా మనది. నేలబావి విలువ మనకు ఒకరు చెప్పాలా?

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఒకటే. చెరువుకైనా, ఫ్యాక్టరీ బోరుకైనా దరఖాస్తు రాగానే దాన్ని పంచాయతీ బోర్డు మీద అంటించి, గ్రామసభలో చదివి, పక్క రైతుల అభ్యంతరాలు రాసుకున్నాకే జిల్లా కమిటీకి పంపాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా మన గ్రామ కమిటీలు ఆగనక్కర్లేదు. ఈ నెలలోనే ఒక నోటుబుక్కు తీసి, ఊళ్లో ప్రతి బావి, బోరు, గెడ్డ, చెరువు పేరు రాయండి. వేసవిలో నీరు ఏ లోతున ఉందో, రుచి ఎలా ఉందో తేదీతో సహా నమోదు చేయండి. రేపు సభలో ‘ఇక్కడ నీరు లేదు’ అని ఎవరైనా నివేదిక చదివితే ఆ పుస్తకం బల్ల మీద పెట్టవచ్చు.