కంటిచూపును జన్యుపరీక్షయు

ఒక చిన్న పురుగు పేరు తేల్చుటకై యింత శ్రమ యేల యని కొందఱు ప్రశ్నింతురు. పేరు తెలియని ప్రాణిని లెక్కింపజాలము. లెక్క తెలియనిదే దానిని రక్షింపజాలము. ఇదియే మా సమాధానము.

అమెరికా దేశమున మాంటానా రాష్ట్రమందలి గ్లేసియర్ నేషనల్ పార్కులో, మంచు కరగి పాఱెడు మిక్కిలి చల్లని సెలయేళ్లయందు, జపాడా గ్లేసియర్ అను నరుదైన స్టోన్‌ఫ్లై కలదు. 1971వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు దీనికి పేరిడిరి. రెక్కలు వచ్చిన మగపురుగు కడుపు చివరనున్న యవయవముల యాకారమును సూక్ష్మదర్శినితో పరీక్షించి దీనిని గుర్తింతురు. కాని దీని జీవితమున నధికభాగము డింభకరూపమున నీటిలోనే గడచును. ఆ డింభకములు దగ్గరి జాతుల డింభకములను పోలియుండుటచే, ఎంతటి నేర్పరియైనను చూపుమాత్రమున వేఱుపఱుపలేడు.

ఇచ్చట డి.ఎన్.ఏ. పరీక్ష తోడ్పడును. ఒక జన్యువునందలి సుమారు 650 అక్షరముల వరుస జంతువులకు గుర్తుగా నుపయోగించునని 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్టును, ఆయన సహచరులును ప్రతిపాదించిరి. డి.ఎన్.ఏ. సహాయమున ఈ స్టోన్‌ఫ్లైని వెదకిన పరిశోధన 2015లో ప్రకటితమయ్యెను. మునుపు అది యుండిన యాఱు సెలయేళ్లలో నొక్కదానియందే యది మిగిలియుండెను. మఱింత యెత్తైన రెండు క్రొత్త చోట్ల గానవచ్చెను. 2019లో అమెరికా ప్రభుత్వము దానిని ముప్పునకు లోనైన జీవుల పట్టికలో చేర్చెను.

ఇట్టి ఫలితములను చూచి, ఇక సూక్ష్మదర్శినితో పనిలేదని తలంచువారు గలరు. మేమందుల కంగీకరింపము. అక్షరముల వరుస తనంతట తాను పేరు చెప్పదు. పేరు నిశ్చయమైన పెద్దపురుగునుండి తీసిన వరుసతో పోల్చినపుడే దానికర్థము కలుగును. ఆ పెద్దపురుగును నిశ్చయించినది శిక్షణ పొందిన కన్నే. మొదట తప్పు పేరు వ్రాసినచో, పరీక్ష యెన్నిమాఱులు చేసినను ఆ తప్పే మరల వచ్చును. మఱియు మిక్కిలి దగ్గరి జాతులు కొన్నిట ఆ యొక్క జన్యువు భేదమును చూపదు.

కీటకములను గుర్తింపగల నిపుణుడు తయారగుటకు ఏండ్లు పట్టుననుట నిజమే. అందుచేతనే ఆ విద్యను ముందుగా నారంభింపవలెను. పురుగు కాళ్లను, మొప్పలను చూచి పెన్సిలుతో గీయు విద్యార్థి కాలము వ్యర్థపుచ్చుచున్నాడని తల్లిదండ్రులు తలంపకుందురు గాక. చూచినదానిని చూచినట్లు గీయుటయే ఈ శాస్త్రమునకు మొదటి మెట్టు. ఆ పర్వతములపై మంచు తఱుగుచున్నది. అది ముగియకమునుపే అందలి జీవుల పేళ్లు తేల్చవలెనన్న, కన్నును పరీక్షయు నొకదానికొకటి సాక్ష్యమియ్యక తప్పదు.