పేదరికం అడ్డు కాదా?



కొంతకాలం క్రితం నాకు డెలానీపూర్ నుండి ఒక ఉత్తరం వచ్చింది. డెలానీపూర్ అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పేట. 2024లో ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఉత్తరం రాసిన అభ్యాసకురాలి కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుండి వెళ్ళి అక్కడ స్థిరపడింది. ఆమె పగలు కుట్టుపని చేస్తుంది. రాత్రి వంటపని ముగిశాక మన పాఠాలు చదువుకుంటుంది. సెకండరీ పరీక్షలో తక్కిన విషయాలన్నీ గట్టెక్కాయి కాని, గణితం రెండుసార్లు తప్పింది. ఆమె ఇలా రాసింది: "పట్టుదల ఉంటే పేదరికం అడ్డు కాదు అని మీ పాఠంలో ఉందండి. నాకు పట్టుదల ఉంది. అయినా తప్పాను. అంటే లోపం నాదేనా?"

ఆ వాక్యం రాసింది నేనే. ఉత్తరం చదివాక దాన్ని మళ్ళీ చదువుకున్నాను. అది మంచి ఉద్దేశంతో రాసిన మాటే. కాని నిజం కాదని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందుకు కాదో చెప్పడానికి ఒక పరుగు క్రీడాకారిణి జీవితాన్ని మీ ముందు ఉంచుతాను. ఆమె మీ దీవులకు ఓడలు బయలుదేరే విశాఖపట్నంలోనే పుట్టి పెరిగింది. పేరు యర్రాజి జ్యోతి.

జ్యోతి 1999 ఆగస్టు 28న పుట్టింది. తండ్రి సూర్యనారాయణ ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి కుమారి ఇళ్ళలో పని చేసేది, ఒక ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికి కూడా వెళ్ళేది. జ్యోతి నగరంలోని పోర్ట్ హైస్కూల్‌లో చదువుకుంది. అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవును గమనించి, హర్డిల్స్ పరుగుకు పనికివస్తుందని గుర్తించాడు. 2016లో ఆమె హైదరాబాదు వెళ్ళి భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొందింది. 2019లో భువనేశ్వర్‌లోని శిక్షణ కేంద్రంలో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ హిల్లియర్ వద్ద చేరింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆమెకు పట్టుదల లేదా? తప్పకుండా ఉంది. కాని ఆ పట్టుదలతో పాటు ఆమెకు ఏమేమి దొరికాయి? గమనించే కన్ను ఉన్న ఉపాధ్యాయుడు, పరుగెత్తడానికి మైదానం, ఉండడానికి చోటు, తినడానికి తిండి, తప్పులు దిద్దే శిక్షకుడు. ఇవి ఒకదాని తరువాత ఒకటి అందాయి. జ్యోతితో పాటు ఆ పాఠశాల మైదానంలో పరుగెత్తిన పిల్లలు ఇంకా ఎందరో ఉండి ఉంటారు. ఇవి అందని వారిని చూసి "మీకు పట్టుదల లేదు" అనడం న్యాయమేనా?

ప్రపంచంలో ఇంకొక దీవి సంగతి చూడండి. జమైకా జనాభా సుమారు 28 లక్షలు. మన నగరాల్లో కొన్నింటికి అంతకంటే ఎక్కువ జనాభా ఉంది. అయినా అక్కడి నుండి ప్రపంచంలోనే వేగంగా పరుగెత్తేవారు వచ్చారు. షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ కింగ్‌స్టన్ నగరంలోని వాటర్‌హౌస్ అనే పేదవాడలో పెరిగింది. తల్లి వీధుల్లో సరుకులు అమ్మి పిల్లలను పోషించింది. ఆ అమ్మాయి 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచింది. 2012లో లండన్‌లో మళ్ళీ గెలిచింది. అందరూ ఆమె పేదరికం గురించి చెబుతారు. కాని జమైకాలో 1910 నుండి పాఠశాలల మధ్య పరుగు పోటీలు జరుగుతున్నాయన్న సంగతి కూడా చెప్పాలి. వాటిని చూడడానికి జనం స్టేడియం నిండా వస్తారు. వేగంగా పరుగెత్తే పిల్ల పేదవాడలో ఉన్నా, ఎవరో ఒకరి కంట పడే ఏర్పాటు అక్కడ ఉంది. ఆ ఏర్పాటు ఒక్క తరం కష్టంతో వచ్చింది కాదు.

ఇప్పుడు జ్యోతి పరిగెత్తే పోటీని కొంచెం దగ్గరగా చూద్దాం. మహిళల హర్డిల్స్ దూరం 100 మీటర్లు. దారిలో 10 హర్డిల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. బయలుదేరే గీత నుండి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు. ఆ తరువాత హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 8.5 మీటర్లు. చివరి హర్డిల్ నుండి గమ్యానికి 10.5 మీటర్లు. మొత్తం 100 అవుతుందో లేదో మీరే లెక్క కట్టండి. పది హర్డిల్స్ మధ్య ఖాళీలు పది కాదు, తొమ్మిది అన్నది మరచిపోకండి. దారిలో హర్డిల్ లేదని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఉందని, ఇంత ఎత్తు ఉందని, ఇంత దూరంలో ఉందని చెప్పి, దాటడం నేర్పారు. కాలు తగిలి హర్డిల్ పడిపోతే పరుగు కొంత నెమ్మదిస్తుంది. కాని కావాలని పడగొట్టకపోతే అది తప్పు కాదు. లేచి మిగిలిన దూరం పరుగెత్తవచ్చు.

జ్యోతికి మరో రకం ఆటంకాలు కూడా ఎదురయ్యాయి. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. అది 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పినది. కాని అక్కడ జ్యోతికి డోపింగ్ పరీక్ష జరగలేదు కనుక ఆ కాలాన్ని రికార్డుగా లెక్కించలేదు. ఆ లోపంలో ఆమె ప్రమేయం ఏమీ లేదు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్‌లో 13.09 సెకన్లలో పరుగెత్తింది. ఆ సమయంలో వెనుక నుండి వీచే గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. నిబంధన ప్రకారం 2.0 మీటర్లు మించకూడదు. మళ్ళీ లెక్కలోకి రాలేదు.

ఆ తరువాతి నెలలోనే, 2022 మే 10న, సైప్రస్‌లోని లిమసాల్‌లో 13.23 సెకన్లతో ఇరవై ఏళ్ళ నాటి రికార్డును అధిగమించింది. గమనించండి, అది ఆమె లెక్కకు రాని పరుగుల కంటే నెమ్మదైనదే. కాని ఈసారి లెక్కకు వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో బెంగళూరులో 12.82 సెకన్లు నమోదు చేసి, నిబంధనలకు లోబడి 13 సెకన్లలోపు పరుగెత్తిన మొదటి భారత మహిళ అయింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్స్ బంగారు పతకం, అదే ఏడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజత పతకం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న మొదటి భారతీయురాలు ఆమెయే. అక్కడ సెమీఫైనల్ చేరలేకపోయింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్స్ బంగారు పతకం మళ్ళీ గెలిచింది.

మీలో కొందరు ఒక ప్రశ్న వేయవచ్చు. "పేదరికం అడ్డే అని పాఠంలో రాస్తే చదివేవారి ధైర్యం సన్నగిల్లదా?" నేను అలా అనుకోను. అడ్డు లేదని నమ్మి పరుగెత్తినవాడు మొదటి హర్డిల్ దగ్గరే పడతాడు. పడ్డాక తనను తానే తిట్టుకుంటాడు. అడ్డు ఎంత ఎత్తు ఉందో తెలిసినవాడు దానికి తగినట్టు సిద్ధమవుతాడు. కావలసిన సాయం అడగడానికి సిగ్గుపడడు. పైగా, అడ్డు ఉందని ఒప్పుకున్నప్పుడే దాన్ని తగ్గించే బాధ్యత పాఠశాలకు, ప్రభుత్వానికి, నాలాంటి పాఠ్యరచయితలకు ఉందని కూడా ఒప్పుకుంటాం. అడ్డే లేదంటే ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు.

డెలానీపూర్ అభ్యాసకురాలికి నేను రాసిన జవాబు మీకూ చెబుతాను. అమ్మా, లోపం మీది కాదు. పగలంతా మిషను తొక్కి, రాత్రి అలసిన కళ్ళతో గణితం చదవడం కష్టం. ఆ కష్టం నిజమైనది. సార్వత్రిక విద్యలో నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది. ఆ కాలంలో పరీక్షకు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. గట్టెక్కిన విషయాలు అలాగే నిలిచి ఉంటాయి, మళ్ళీ రాయనక్కరలేదు. మీరు వాడుకున్నవి రెండు అవకాశాలే. ఈసారి ఒంటరిగా చదవకండి. అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతులకు వెళ్ళి, ఏ అధ్యాయంలో తప్పుతున్నారో చూపించి అడగండి. గణితం తెలిసిన ఇరుగుపొరుగు పిల్ల ఉంటే, చిన్నదని చూడకుండా చెప్పించుకోండి. ఇంట్లో వాళ్ళను వారానికి రెండు సాయంత్రాలు వంటపని తప్పించమని అడగండి. పాఠం అర్థం కాకపోతే ఏ పుటలో అర్థం కాలేదో నాకు రాయండి. దాన్ని సరిచేయడం నా పని.

పాఠంలోని ఆ వాక్యాన్ని మార్చమని నేను ప్రతిపాదించాను. కొత్త వాక్యం ఇది: "పేదరికం పెద్ద అడ్డు. దాటేవారికి పట్టుదల కావాలి, దాటించేవారు కూడా కావాలి."

ఆలోచించండి: మీ చదువుకు అడ్డుగా ఉన్నవి ఏవి? వాటిలో మీరు ఒంటరిగా దాటగలిగినవి ఏవి, ఇతరుల సాయం కావలసినవి ఏవి? రెండు వరుసలుగా మీ నోటు పుస్తకంలో రాయండి. రెండో వరుసలో ఒక్కొక్కదాని పక్కన, ఎవరిని అడగాలో వారి పేరు కూడా రాసుకోండి.