పంటిచీము, కంటికి ముప్పు

పైపన్ను తీయించినచో చూపు పోవునను భయము మన పల్లెలలో నేటికిని చావలేదు. అది నిరాధారము. పంటినరము వేరు, చూపునిచ్చు నరము వేరు. మత్తుసూది వేసినపుడు మిక్కిలి అరుదుగా ఒకటి రెండుగా కనబడుట కలదు. అదియును సాధారణముగా కొన్ని గంటలలో సర్దుకొనును.

అయితే ఈ లేని భయముచేతనే ఉన్న ముప్పును కొనితెచ్చుకొనుచున్నాము. పైదవడ వెనుకపండ్ల మొదళ్లు చెక్కిలియెముకలోని గాలిగది నానుకొని యుండును. ఆ గదికి పైకప్పే కనుగూటికి నేల. నడుమ నున్నది పలుచని యెముక. పుచ్చిన పంటిచీము ఈ త్రోవను గాని, ముఖపు సిరల వెంబడి గాని పైకెక్కినచో రెప్ప వాచును, గ్రుడ్డు ముందుకు పొడుచుకొని వచ్చును, చూపు తగ్గును. అచ్చటినుండి మెదడు దూరము కాదు. ఇది అరుదే, కాని పుచ్చుపన్నుతో నెలలు గడుపువారికిని, మధుమేహులకును, మురికి పనిముట్లకు నోరప్పగించువారికిని అపాయ మెక్కువ.

2021లో కోవిడ్ వెంట వచ్చిన నల్లఫంగసును మరవరాదు. దానికి పన్ను తీయించుట కారణము కాదు, అదుపు తప్పిన చక్కెరయు, స్టెరాయిడ్లును కారణములు. కాని పలువురకు పైపండ్లు కదలుటయే తొలిగురుతు. ఆ పిమ్మట కన్ను. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దానిని 1897 నాటి చట్టము క్రింద తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించెను. తమిళనాడు వాణియంబాడిలో 2023లో దంతచికిత్స పొందిన కొందరు మెదడుకెక్కిన సూక్ష్మజీవిచే మరణించిరి. శుద్ధిచేయని పనిముట్టుతో తెరచిన సెలైను సీసాయే మూలమని పరిశోధకులు తేల్చిరి.

నమోదు లేనివాని దంతవైద్యవృత్తిని చట్టము నిషేధించుచున్నది. న్యాయస్థానములో నిలుచు మాకు తెలిసినంతలో, చట్టము కాగితముపై నుండుట వేరు, బస్టాండు ప్రక్క గుడిసెలో పట్టకారు పట్టినవానిని ఆపుట వేరు.

మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. పంటినొప్పితో రెప్పవాపు, రెండుగా కనబడుట, కన్ను త్రిప్పిన బాధ గలవానిని వానికి అనుబంధించిన ఆసుపత్రులలో దంతవైద్యుడును, నేత్రవైద్యుడును అదే దినమున చూచు ఏర్పాటు జరుగవలెను. ఆకుపసరులతో రేపటికి వాయిదా వేయరాదు. నమోదైన దంతవైద్యుల పట్టీని ప్రతి గ్రంథాలయపు గోడపై నంటించుటకు జిల్లా అధికారులకు కాగితము, జిగురు తప్ప వేరు ఖర్చు లేదు.