ఆట మాన్పించి అక్షరాలా?

మన ఊళ్ళల్లో ఎల్‌కేజీ పిల్లల సంచి ఒకటి తెరిచి చూడండి. నాలుగు గీతల పుస్తకం, లెక్కల పుస్తకం, డైరీ ఉంటాయి. డైరీలో ఆ రోజు హోంవర్కు: పేజీ నిండా ఒకే అక్షరం, మరో పేజీలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. సాయంత్రం అమ్మ చెయ్యి పట్టుకుని రాయిస్తుంది. పిల్లాడి చూపు వీధిలోకి పోతే కోప్పడుతుంది. ఆ బిడ్డకు నిండా నాలుగేళ్ళుండవు. దీన్ని మనం చదువు అనుకుంటున్నాం. నిజానికి ఆ వయసు చదువును ఆపేసి, తర్వాత రావలసిన దాన్ని ముందే నెత్తిన పెడుతున్నాం.

ముందు ఆ చేతి సంగతి చూద్దాం. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టేనాటికి అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ళకు సగం కూడా ఎముకగా మారవు. వేళ్ళకు పట్టు రావాలంటే మట్టి పిసకాలి, పూసలు గుచ్చాలి, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచాలి. ఇవేవీ చెయ్యనివ్వకుండా పెన్సిలు పట్టిస్తే అక్షరం వంకర పోతుంది. దానికి మళ్ళీ తిట్లు.

వామనగుంటలు ఆడే ఐదారేళ్ళ పిల్లను దగ్గరగా గమనించండి. తన వైపు ఏడు గుంటల్లో ఒకదాంట్లోంచి చింతగింజలు తీసి, గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోతుంది. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసుకుంటుంది. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి తనవి. నాలుగు రోజులు ఆడేసరికి గింజలు లెక్కపెట్టడం మానేసి, చూపుతోనే మూడో నాలుగో చెప్పేస్తుంది. ఏ గుంట ఎత్తితే చెయ్యి ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించుకుంటుంది. ఎదుటివాళ్ళ వంతు వచ్చినప్పుడు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. సంఖ్య, అంచనా, ఓపిక మూడూ ఒక్క ఆటలో వచ్చాయి. ఇరవై దాకా వంద సార్లు రాసిన పిల్లకు అంకెల ఆకారం వస్తుంది కానీ ఏడంటే ఎన్నో చేతికి తెలియదు.

గుజ్జనగూళ్ళ దగ్గరా ఇంతే. ఇసుక అన్నమవుతుంది, బాదం ఆకు విస్తరవుతుంది. ‘నువ్వు చుట్టానివి, అప్పుడే రాకు, కూర ఉడకలేదు’ అంటుంది ఓ పిల్ల. మామూలుగా ఒక్క క్షణం నిలవని పిల్లాడు, చుట్టం గనక గుమ్మం అవతల ఆగిపోతాడు. ఆటలో తాను ఒప్పుకున్న నియమానికి లోబడే పిల్లలు తమను తాము అదుపు చేసుకోవడం నేర్చుకుంటారని 1933లోనే సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ వివరించాడు. ఒక వస్తువును మరోదానికి గుర్తుగా తీసుకునే శక్తీ అక్కడే మొదలవుతుంది. గుర్తుకు అర్థం ఉంటుందని తెలియని పిల్లకు అక్షరం ఒట్టి గీత.

అయితే పిల్లల్ని ఆటకు వదిలేస్తే చాలు, అన్నీ అవే వస్తాయి అనడం కూడా పొరపాటే. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో లెక్కల ఆటలు ఆడించి చేసిన అధ్యయనం 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పరిశోధకుల్లో ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో ఒకరు. ఆటలాడిన పిల్లల్లో సంఖ్య, ఆకారాల మీద సహజమైన పట్టు పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ బడిలో నేర్పే అంకెల లెక్కల్లో వాళ్ళు తోటివారికంటే ముందుకు పోలేదు. దీన్నిబట్టి ఆట పనికిరాదని నేను అనుకోను. గింజల నుంచి అంకె దాకా పిల్లను చెయ్యి పట్టి నడిపించే టీచరు కావాలి. మన విధానంలో తప్పిపోయిన లంకె ఇదే.

ఇలాంటి ఆలోచనలకు మనకు కొరత లేదు. విద్యావేత్త గిజుభాయి బధేకా భావ్‌నగర్‌లో బాలమందిరం నడిపి వందేళ్ళు దాటింది. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం, 2022 పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం రెండూ ఆట ద్వారానే చదువు చెప్పాలన్నాయి. ఆరేళ్ళలోపు వారికి పాఠ్యపుస్తకాల బరువు వద్దని ఆ చట్రం చెప్పింది.

ఆ మాట అమలు కావలసిన చోటు అంగన్‌వాడీ. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 90 వేల కేంద్రాలున్నాయి. అక్కడి టీచరు గుడ్లు, పాల లెక్క చూడాలి, పిల్లల బరువు తూచాలి, ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్ నింపాలి, సర్వేలకు తిరగాలి. ఇక పిల్లలతో కూర్చుని ఆడేదెప్పుడు? కూలి చేసుకునే తల్లి కూడా అప్పు చేసి ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తోందంటే ఆమెను తప్పుపట్టలేం. పుస్తకం నిండితే చదువు సాగుతోందన్న నమ్మకం ఆమెకు దొరుకుతోంది. ఆట నేర్పిందేమిటో ఆమెకు చూపించేవాళ్ళు లేరు.

ప్రభుత్వాలు చెయ్యాల్సినవి రెండున్నాయి. ఒకటో తరగతికి ముందు రాత హోంవర్కును నిషేధించి, ప్రైవేటు బడుల్లోనూ అమలు చేయించాలి. అంగన్‌వాడీల్లో రికార్డుల పనికి వేరే మనిషిని పెట్టి, టీచరును పిల్లలకు వదిలెయ్యాలి. తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ఈసారి చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఎన్ని పుస్తకాలిస్తారని అడగకండి. పిల్లలు ఎక్కడ ఆడతారో, ఎంతసేపు ఆడతారో, ఏ సామానుతో ఆడతారో చూపించమనండి. చూపించలేని బడిలో మీ బిడ్డను చేర్చకండి.