శల్యసారథ్యము వలదు

2025 నవంబరు మాసమున దక్షిణాఫ్రికా జట్టు మన దేశమునకు వచ్చి, ఆడిన రెండు టెస్టులను గెలిచికొని పోయినది. కోల్‌కతాలో 30 పరుగుల తేడాతోను, గౌహతిలో 408 పరుగుల తేడాతోను మనవారు ఓడిరి. పరుగుల లెక్కను చూచినచో భారతజట్టు టెస్టులయందు ఇంతటి పరాజయమును అంతకుమున్నెన్నడును పొంది యుండలేదు. దానికొక్క యేడు ముందు, 2024 అక్టోబరు, నవంబరు మాసములలో, న్యూజిలాండు జట్టు బెంగుళూరు, పుణె, ముంబయి నగరములలో ఆడిన మూడు టెస్టులను గెలిచెను. బెంగుళూరులో మనవారందరును 46 పరుగులకే వెనుదిరిగిరి. 2013 మొదలుకొని స్వదేశమున వరుసగా 18 టెస్టు సిరీస్‌లను గెలిచిన జట్టునకు ఇంటిలోనే యీ గతి పట్టెను.

నాడు పఠనాలయములలోను, కాఫీహోటళ్లలోను, తుదకు మా న్యాయస్థానముల వరండాలలోను ఒకటే కేక: "శిక్షకుని తొలగింపుడు! నాయకుని మార్పుడు!" ఒకరొక పేరు చెప్పిరి, మరియొకరు మరియొక పేరు చెప్పిరి. మేమును క్రికెట్టును ప్రేమించువారమే; మా మనస్సులోను పేర్లు లేకపోలేదు. ఐనను వానిని ఇచ్చట వ్రాయబోము. ఏలయన, "ఎవరు?" అనునది మా యభిప్రాయమున రెండవ ప్రశ్న. "ఏ యధికారముతో? ఎవరికి జవాబుదారియై?" అనునది మొదటి ప్రశ్న. మొదటిదానికి ఉత్తరము వ్రాసికొనక రెండవదానికి ఉత్తరము వెదకుటచేతనే మన జట్టు తొంబది యేండ్లలో పలుమారులు చిక్కులపాలైనది.

ముందుగా తొందరపాటును గూర్చి యొక మాట. 2025 మే నెలలో రోహిత్ శర్మయు, విరాట్ కోహ్లీయు అయిదు దినముల యెడమున టెస్టులనుండి విరమించిరి. ఆ నెల 24వ తేదీన శుభమన్ గిల్‌ను టెస్టునాయకునిగా ప్రకటించిరి. అప్పటికాతనికి 25 ఏండ్లు. ఆతడు ఇంగ్లండునకు పోయి అయిదు టెస్టులాడి, 2–2గా సమము చేసి వచ్చెను. తాను 754 పరుగులు చేసెను. ఆగస్టు 4వ తేదీన ఓవల్ మైదానమున మన హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్ కడపటి వికెట్టును కూల్చి 6 పరుగుల తేడాతో విజయము చేకూర్చిననాడు, ఈ నాయకుని, శిక్షకుడైన గౌతమ్ గంభీర్‌ను పొగడినవారు ఎందరో! నవంబరు వచ్చుసరికి వారే నిందింపసాగిరి. కోల్‌కతాలో గిల్ మెడనొప్పితో ఆటనుండి తప్పుకొనెననియు, గౌహతిలో జట్టును నడిపినవాడు ఋషభ్ పంత్ అనియు జ్ఞప్తియందుంచుకొన్నవారు కొందరే. నాలుగు మాసములలో మనుష్యుని విద్య మారిపోవునా? సాక్ష్యమంతయు వినకయే తీర్పు చెప్పు న్యాయాధిపతిని మనమేమందుము?

ఇట్లనుటచే తప్పు లేదని మేము వాదించుట లేదు. కోల్‌కతాలో మనకు కావలసినవి 124 పరుగులు, చేసినవి 93. అచ్చటి పిచ్ తాము కోరినట్టిదేయని శిక్షకుడు పిమ్మట చెప్పెను. మంచిది. పిచ్ ఎట్లుండవలెనో కోరు అధికారము ఎవరిది? నాయకునిదా, శిక్షకునిదా, బోర్డుదా? ఆ కోరిక బెడిసినప్పుడు ఉత్తరవాది యెవరు? దీనికి స్పష్టమైన సమాధానము లేనంతవరకు, ఓటమి వచ్చినప్పుడెల్ల చేతికందిన తలను నరకుటయే పరిష్కారమనిపించును.

వెనుకటి చరిత్రను చూతము. 1932 జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానమున భారతదేశము మొదటి టెస్టు ఆడెను. ఆ యాత్రకు నాయకుడుగా నియమింపబడినవాడు పోర్బందరు మహారాజు. ఆయన తన యాట యెంతటిదో తానెరిగి టెస్టునాడు తొలగి నిలిచెను. నాగపురమున జన్మించిన తెలుగుబిడ్డ సి.కె. నాయుడు జట్టును నడిపెను. ఆ పందెము ఓడిపోయినను మహారాజునకు గౌరవమే మిగిలెను.

1936లో అట్లు జరుగలేదు. ఈసారి నాయకత్వము విజ్జీయని లోకము పిలిచిన విజయనగర మహారాజకుమారునికి దక్కెను. ఆయన మన తెలుగుసీమ రాజవంశమువాడు గనుక ఈ మాట వ్రాయుటకు మాకు కొంత బాధగనేయున్నది. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ప్రసిద్ధులను మన దేశమునకు రప్పించి ఆడించిన దాత ఆయన. ఆ యుపకారమును మేము కాదనము. కాని ధర్మకర్తయగుట వేరు, దళవాయి యగుట వేరు. నాయుడు జట్టులో నుండగనే ఆయనను కాదని, పలుకుబడిచే లభించిన పదవి యది. మూడు టెస్టులలో విజ్జీ చేసినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టునకు ముందే యింటికి పంపివేసిరి. జట్టు వర్గములుగా చీలెను. మాంచెస్టరులో విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసిరి. విద్యకు కొదవ లేదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల? ఐనను మూడు టెస్టులలో రెండు పోయెను. పిదప బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయాధిపతి సర్ జాన్ బోమంట్ అధ్యక్షతను విచారణ జరిగెను. ఫీల్డరులను నిలుపుటయు, బౌలరులను మార్చుటయు నాయకునికి చేతగాలేదని 1937 జనవరిలో ఆ సంఘము తేల్చి, అమర్‌నాథ్‌పై మోపిన నిందను కొట్టివేసెను. తీర్పు సరియైనదే, కాని పందెములు ముగిసిన పిమ్మట వచ్చెను.

స్వరాజ్యము వచ్చినది, రాజులు పోయిరి, వారి గద్దెపై బోర్డువారు కూర్చుండిరి. 1958–59లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు అయిదు టెస్టులకు నలుగురు నాయకులను చూచితిమి. మొదటిదానికి ఉమ్రిగర్, తరువాతి రెండింటికి హైదరాబాదు వాస్తవ్యుడు గులాం అహమ్మద్. నాల్గవదానికి మరల ఉమ్రిగర్‌ను నియమింపగా, జట్టుకూర్పునందు బోర్డు అధ్యక్షునితో భేదము వచ్చి ఆయన పందెమునకు ముందే రాజీనామా నిచ్చెను. అంతట మన్కడ్, కడపటిదానికి అధికారి. 3–0గా ఓడితిమి. ఈ నలుగురిలో అసమర్థుడెవడు? ఎవడును కాడు. అధికారము నాయకునిదని పైకి చెప్పి, పగ్గములను తమ చేతిలో నుంచుకొన్నవారివలన వచ్చిన చేటు అది.

ఇక శిక్షకుని సంగతి. భారతకథ నెరిగిన మన పాఠకులకు సారథియన నేమో వేరుగా చెప్పనక్కరలేదు. కురుక్షేత్రమున ఇద్దరు సారథులు మన కంటికి గట్టుదురు. ఒకరు ఆయుధము పట్టనని మాట యిచ్చి, రథికుడు చేష్టలుడిగి కూలబడినప్పుడు ధైర్యము చెప్పి, గాండీవమును మాత్రము అర్జునుని చేతనే యుంచెను. రెండవవాడు శల్యుడు. ఆయన విద్యలో తక్కువవాడు కాడు. కర్ణుడు కోరి తెచ్చుకొన్నవాడే. తన నోటికి వచ్చినట్లు పలుకుటకు స్వేచ్ఛ యుండవలెనని ఆయన ముందే షరతు పెట్టెను, దుర్యోధనుడు సమ్మతించెను. రణమధ్యమున శల్యుడు కర్ణుని నొప్పించెననగా, తప్పు ఆ యిరువురిదేనా? అట్టి యొడంబడికకు తల యూపినవాని మాటయేమి?

మన జట్టు ఈ రెండు విధముల సారథ్యమును చూచినది. 2000వ సంవత్సరమున పందెములు అమ్ముడుపోయినవను నింద దేశమును కుదిపెను. హైదరాబాదువాడైన మాజీ నాయకుడు అజహరుద్దీన్‌పై బోర్డు ఆ డిసెంబరులో జీవితకాల నిషేధము విధించెను. అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పెను. అంతటి యలజడిలో నాయకత్వము సౌరవ్ గంగూలీకి వచ్చెను. న్యూజిలాండు మాజీ నాయకుడు జాన్ రైట్ శిక్షకుడుగా వచ్చెను. 2001 మార్చిలో, వరుసగా 16 టెస్టులు గెలిచియున్న ఆస్ట్రేలియాతో కోల్‌కతాలో మనవారు ఫాలో-ఆన్ ఆడవలసివచ్చెను. మొదటి ఇన్నింగ్సులో క్రిందిస్థానమున వచ్చి 59 పరుగులు చేసిన వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను రెండవసారి మూడవ స్థానమున పంపిరి. ఆయన 281 చేసెను. ద్రావిడ్ 180 చేసెను. 171 పరుగుల తేడాతో గెలిచితిమి. రైట్‌కును, ఆటగాండ్రకును పేచీలు రాకపోలేదు. కాని అవి వీధిని పడలేదు. సారథి పగ్గములు పట్టెను. విల్లు నాయకుని చేతనే యుండెను.

2005 మే నెలలో గ్రెగ్ చాపెల్ వచ్చెను. ఆయనను తానే కోరితినని గంగూలీ తరువాత తన పుస్తకమున వ్రాసికొనెను. నాలుగు మాసములు తిరుగకమునుపే, నాయకుని విమర్శించుచు శిక్షకుడు బోర్డునకు పంపిన లేఖ పత్రికలకెక్కెను. గంగూలీ నాయకత్వము పోయెను. 2007 ప్రపంచకప్పున బంగ్లాదేశ్, శ్రీలంకల చేత ఓడి మనవారు మొదటి యంకముననే తిరిగివచ్చిరి. ఏప్రిలులో చాపెల్ వైదొలగెను.

పదేండ్ల పిమ్మట త్రాసు రెండవ వైపునకు మొగ్గెను. 2016 జూన్‌లో నియమితుడైన అనిల్ కుంబ్లే కాలమున 17 టెస్టులాడి 12 గెలిచి, ఒక్కటి మాత్రమే ఓడిరి. ఐనను తన పద్ధతిపై నాయకునికి అభ్యంతరములు కలవని బోర్డు తెలుపగా, 2017 జూన్ 20వ తేదీన ఆయన రాజీనామా నిచ్చెను. మొదట శిక్షకుని బలముచే నాయకుడు పోయెను. రెండవమారు నాయకుని బలముచే శిక్షకుడు పోయెను. రెండు మారులును నియమించిన బోర్డు మాత్రము చెక్కుచెదరలేదు.

కొందరు స్వదేశాభిమానులు, "పరదేశి శిక్షకుడేల? మనవాడే కావలె"నందురు. ఈ పత్రిక స్వదేశాభిమానమున నెవరికిని తీసిపోదు. కాని 1936లో జట్టును చెరచిన నాయకుడు స్వదేశీయుడే గదా! గ్యారీ కిర్‌స్టెన్ దక్షిణాఫ్రికావాడు. ఆయన కాలమున 2011లో ప్రపంచకప్పు వచ్చెను. రాహుల్ ద్రావిడ్ మనవాడు. ఆయన కాలమున 2024లో ట్వంటీ-20 ప్రపంచకప్పు వచ్చెను. జన్మస్థలమునుబట్టి గాక, హద్దెరిగి పనిచేయు గుణమునుబట్టి మనుష్యుని ఎంచవలయును.

కనుక మేము కోరునవి మూడు. మొదటిది, ముందు నాయకుని నియమించి, కనీసము రెండేండ్ల గడువిచ్చి, ఎంచుకొన్న కారణములను ప్రకటింపవలయును. శిక్షకుని నియమించునప్పుడు నాయకుని యభిప్రాయమును వినవలయును, దానికి కట్టుబడనక్కరలేదు. రెండవది, ఎవరి పని యేదో నియామకపత్రముననే వ్రాయవలయును. జట్టు నెన్నుట సెలక్షన్ కమిటీది. సాధన, సన్నాహము శిక్షకునిది. ఆడు పదునొకండుగురిని గూర్చియు, మైదానమున సర్వమును గూర్చియు కడపటి మాట నాయకునిది. పిచ్ కోరిన వాడెవడో వాడే దానికి జవాబు చెప్పవలయును. మూడవది, పరస్పరము ఫిర్యాదున్నచో వ్రాతమూలకముగ కమిటీకే తెలుపవలయును గాని, పత్రికల చెవిలో నూదరాదు. ఉద్యమములందు స్వచ్ఛందసేవకులముగ పనిచేసిన మాకిది యనుభవము: దళమునకు ఆజ్ఞ యిచ్చు నోరు ఒక్కటి కానినాడు ఎంతటి ఉత్సాహవంతులైనను చెదరిపోవుదురు.

"బోర్డు స్వతంత్రసంఘము, కారణములు చెప్పుమని యడుగ మీరెవర"ని కొందరనవచ్చును. 2015 జనవరిలో సుప్రీంకోర్టు దీనికి ఉత్తరము చెప్పియున్నది: బోర్డు ప్రభుత్వశాఖ కాకపోయినను ప్రజాకార్యమును నిర్వహించుచున్నది గాన, హైకోర్టుల రిట్ అధికారమునకు లోబడియుండవలసినదే. భారతదేశమను పేరును ధరించి ఆడించువారు భారతప్రజలకు కారణము చెప్పుట వారికి చిన్నతనము కాదు.

పాఠకమహాశయులారా! ఎప్పుడైనను నాయకుని పేరో, శిక్షకుని పేరో ప్రకటింపబడిన దినమున, ఆ పేరు మనకిష్టమైనదా కాదా యని మాత్రమే తర్కించుకొని ఊరకుండవలదు. ఏ గడువునకు? ఏ హద్దులతో? ఏ కారణముచే? ఈ మూడు ప్రశ్నలను ఓడిననాడు మాత్రమే గాక గెలిచిననాడును అడుగుడు. ఆ పని చేయకున్న మనమును దుర్యోధనుని వెనుక నిలిచి రథము క్రుంగుటను చూచుచుండు జనమే యగుదుము.